తట్టి చూసి కొన్న సర్వరు

వరంగల్ చౌరస్తాలో స్టీలు, ఇత్తడి సామాన్లు అమ్మే మా దుకాణం తాతల నాటిది. వాన నీళ్లు గడప దాటి లోపలికి వచ్చిన ఏడాది కూడా అది మూతపడలేదు. ఎదురుగా అద్దాల తలుపులతో రెండంతస్తుల పోటీ దుకాణం లేచినప్పుడు కూడా మూతపడలేదు. అలాంటి దాన్ని ఒక శుక్రవారం పొద్దున, రెండున్నర గంటల్లో, ఒకే ఒక్క స్విచ్చు నొక్కి మూత దాకా తీసుకుపోయిన ఘనుణ్ని నేను. మీకు ఇప్పుడే నా మీద జాలి కలుగుతుంటే కాస్త ఆగండి, కథ సగానికి వచ్చేసరికి అదే పోతుంది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. కంప్యూటర్ ఇంజినీరింగు అప్పుడే పూర్తయింది. ప్రపంచంలో నాకు తెలియనిది లేదని నా గట్టి అభిప్రాయం. మా కాలేజీ పరీక్షల విభాగానికి ఆ అభిప్రాయం లేదు, అది వేరే సంగతి. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఉద్యోగానికి రమ్మన్నారు. నేను బట్టలు సర్దుకున్నాను. మా నాన్న, అంటే బాపు, మాత్రం దుకాణంలో గద్దె మీద నుంచి లేవకుండానే అడ్డం పడ్డాడు.

"నువ్వు గూడ పోతే ఈ గద్దె మీద ఎవలు కూసుంటర్రా నాగూ?"

"ఒక మనిషిని పెట్టుకో బాపూ. గిన్నెలు అమ్మనీకి సదివిన్నా నేను?"

"మరి దేనికి సదివినవ్? గా సదువుతోని మన దుకాణానికి జరంత ఫాయిదా ఉన్నదని సూపెట్టు, నేనే నిన్ను బస్సెక్కిస్త."

ఈ మాట గట్టిగా పట్టుకున్నాను. ఎందుకంటే మా దుకాణంలో ఒక పెద్ద తలనొప్పి ఉంది. మా వైపు పెళ్లికి బిందె పెడితే దాని మీద పేరు చెక్కించాల్సిందే. పెళ్లికూతురి పేరు, కింద పెట్టినవాళ్ల పేరు, ఆ కింద ఊరు. పేరు లేకపోతే ఎవరు పెట్టారో తెలియదు, తెలియకపోతే పెట్టి ఏం లాభం? ఆ పేర్లు చెక్కేది యాకూబ్ చిచ్చా. ఇరవై ఏళ్లుగా మా దుకాణం మూలన పీట వేసుకుని, కరెంటు కలంతో స్టీలు మీద గుండ్రటి అక్షరాలు పెడుతున్నాడు. ముహూర్తాలు వస్తే ఆయన చుట్టూ జనం మూగుతారు. ఒకరు పేరు చెబుతుంటే ఆయన బావ అడ్డం పడి తన పేరు ముందు పెట్టమంటాడు. మేనత్త అలుగుతుంది. గిన్నె అక్కడే ఉంటుంది, పెళ్లివారు రెండు జట్లవుతారు.

నా పథకం ఏమిటంటే, దుకాణానికి ఒక వెబ్‌సైటు. గిన్నెల ఫొటోలు, బరువులు అందులో ఉంటాయి. జనం ఇంట్లోనే కొట్లాడుకుని, తేల్చుకుని, ఒప్పుకున్న పేర్లను ఫోన్లోంచి పంపుతారు. చిచ్చా ప్రశాంతంగా చెక్కుకుంటాడు.

బాపు విని గడ్డం గోక్కున్నాడు. "వచ్చే శుక్రారం ముహూర్తాల బేరం మొదలైతది. ఆ దినం పొద్దుమూకేలోపట పది ఇండ్లోళ్లు నీ పెట్టెల పేర్లు పంపాలె. పంపిన్రా, నువ్వు హైద్రాబాద్ పో. పంపలేదా, శనారం నుంచి నా పక్కన గద్దె మీద కూసో. మల్ల హైద్రాబాద్ పేరెత్తద్దు."

"మంజూర్," అన్నాను. యాకూబ్ చిచ్చాను సాక్షిగా పెట్టుకున్నాం. చిచ్చా కలం ఆపి, "అల్లా ఇద్దరిని సల్లగ సూడాలె," అన్నాడు.

వెబ్‌సైటు తయారు చేయడం మూడు రోజుల్లో అయిపోయింది. ఇక మిగిలింది సర్వరు. తెలియనివారి కోసం చెబుతాను. సర్వరంటే రాత్రింబవళ్లు మేలుకుని, ఎవరు అడిగితే వారికి మన సైటు పేజీలు అందించే కంప్యూటరు. అంతకు మించి ఏమీ లేదు. ఈ వాక్యం అప్పుడు నాకెవరైనా గోడ మీద రాసిపెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా సరిత అక్క సుబేదారిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తుంది. ఆమెకు ఫోన్ చేశాను. సలహా అడగడానికి కాదు, నా ఆలోచన విని ఆశ్చర్యపోతుందని.

"రోజుకు ఎంతమంది వస్తర్రా నీ సైటుకు?" అని అడిగింది.

"ఇప్పుడా, మున్ముందా?"

"ఇప్పుడే."

"గట్ల ఇప్పటిది లెక్కేస్తే ఎట్ల అక్కా? కేసముద్రం నుంచి ఏటూరునాగారం దాక ఎన్ని పెండ్లిళ్లయితయి? పెండ్లికి రెండు దిక్కులు. ఒక్కో దిక్కు మేనమామలు, మేనత్తలు, చిన్నాయినలు. గీళ్లందరు ఒక్కటే నిమిషంల ఫోన్ తీసిన్రనుకో. మేడారం జాతర లెక్క మీద పడితే మన సర్వరు ఆగాలె గద?"

"ఒరేయ్, మన దుకాణంల ముప్పై మందికి నిలబడ జాగ లేదు."

"దుకాణం వేరు, ఇంటర్నెట్టు వేరు."

"నాగూ, జర నా మాటిను. చిన్న పెట్టె చాలు, అరచేతిల పడతది. లేకుంటే ఇంటర్నెట్టులనే జాగ కిరాయికి దొరుకుతది, నెలకింతని కట్టు."

"కిరాయా? మన తాత కాలం నుంచి మనం కిరాయి దుకాణంల లేం అక్కా. ఇప్పుడు నేను దిగాల్నా?"

అక్క ఒక నిట్టూర్పు విడిచి ఫోను పెట్టేసింది. ఆ నిట్టూర్పును నేను పొగడ్తగా తీసుకున్నాను.

ఇక్కడ మా ఇంటి చదువు గురించి చెప్పాలి. గిన్నెల వ్యాపారికి పుట్టినవాడికి పలకా బలపం కన్నా ముందు రెండు విద్యలు వస్తాయి. ఒకటి, ఎత్తి చూడడం. చేతికి బరువు తగిలితే మంచి రేకు, తేలిపోతే మోసం. రెండు, తట్టి చూడడం. వేలి కణుపుతో కొడితే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలబడితే గట్టి సామాను. డబ్బుమని అణిగిపోతే ఎక్కడో పగులో అతుకో ఉన్నట్టు. "ఎత్తు, తట్టు, అప్పుడు పైసలు తియ్యి" అని బాపు నాకు నడకతోపాటే నేర్పాడు. నాలుగేళ్ల ఇంజినీరింగులో నేర్చుకున్నదంతా సెమిస్టరు సెమిస్టరుకూ ఆవిరైపోయింది గానీ, ఈ రెండు ముక్కలు మాత్రం ఎముకల్లో ఉండిపోయాయి.

హనుమకొండలో పాత కంప్యూటర్లు అమ్మే ఒక గోదాముకు వెళ్లాను. అప్పుడు కరెంటు లేదు. యజమాని టార్చిలైటు పట్టుకుని, నా అవసరం విని, ఒక చిన్న పెట్టె తీసి చేతిలో పెట్టాడు.

"గిది సాలు తమ్మీ. సిన్న సైటుకు మస్తు."

ఎత్తి చూశాను. మా దుకాణంలో పప్పు గరిట దీనికంటే బరువుంటుంది. తట్టి చూశాను. ప్లాస్టిక్కు, టక్కుమంది. నాకు నిజంగానే అవమానంగా అనిపించింది.

"అన్నా, నేను ఆటకు అడుగుతలేను. అసలైన సర్వరు సూపియ్యి."

"అసలైందంటే?" అని ఆయన టార్చి అటు తిప్పాడు. గోడ వారగా ఒక బల్లపరుపు ఇనప పెట్టె పడి ఉంది. ఏదో పెద్ద ఆఫీసులో వాడి పారేసిన సర్వరట. ముందు వైపు ఎనిమిది డిస్కులు, వెనక రెండు కరెంటు తీగలు. ఒక తీగ పోయినా రెండోదానితో నడుస్తుందనేసరికే నా గుండె ఝల్లుమంది. వంగి ఎత్తబోయాను. అది లేవలేదు, నా నడుము కలుక్కుమంది. అప్పుడే ప్రేమలో పడ్డాను. మూత మీద వేలి కణుపుతో కొట్టాను. ఖంగ్! ఆ మోత గోదామంతా తిరిగి వచ్చింది.

"తమ్మీ, కంప్యూటర్‌ను గట్ల కొడతరా?" అన్నాడాయన బిత్తరపోయి.

"మాకు తెలుసన్నా. మాది గిన్నెల ఖాందాన్."

"అది కాదు తమ్మీ. గది నడిస్తె సప్పుడు జేస్తది. మస్తు సప్పుడు. కరెంటొచ్చినంక ఒకసారి ఇని..."

వినలేదు. దాని మూత మోత విన్నాను, దాని నోరు మాత్రం వినకుండా కొన్నాను. పైగా కరెంటు వస్తే ఇంకెవరైనా చూసి ఎగరేసుకుపోతారని నా భయం. మూడేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా అక్కడే పెట్టేశాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదంటారు. నా దగ్గర అప్పటికి పిచ్చుక కూడా లేదు, బ్రహ్మాస్త్రం మాత్రం ఆటో ట్రాలీలో చౌరస్తాకు బయలుదేరింది.

అది బుధవారం సాయంత్రం. ట్రాలీ ఆగగానే బాపు గద్దె దిగి వచ్చాడు. ఆయన దాన్ని ఏం చేశాడో మీరు ఊహించగలరు. నలుగురి చేత ఎత్తించి మా కాటా మీద పెట్టించాడు.

"ముప్పై ఒక్క కిల!" అన్నాడు. తరవాత మూత మీద తట్టాడు. కళ్లు మూసుకుని, మోత ఆగేదాకా విన్నాడు. "మంచి గేజున్నదిరా. పాతకాలపు మందం రేకు. శాన మంచి సామాను కొన్నవ్ బిడ్డా."

బాపు నన్ను మెచ్చుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. మీరు నవ్వుకోండి, కానీ నిజం చెబుతున్నాను. ఆ ఒక్క మాట వినకపోయి ఉంటే అక్క మాట నా చెవికి ఎక్కేదేమో. కంప్యూటరు గురించి ఒక గిన్నెల వ్యాపారి తీర్పు ఇచ్చాడు, ఇంజినీరింగు చదివినవాడు దానికి పొంగిపోయాడు.

గురువారం మా దుకాణానికి సెలవు. షట్టరు దించుకుని, ఇత్తడి బిందెల వరసల మధ్య ఇనప ర్యాకు మీద దాన్ని కూర్చోబెట్టాను. ఇంటర్నెట్టు లైను దుకాణానికే వేయించాను కాబట్టి అక్కడే ఉండాలి. అదీగాక, వచ్చిన జనం చూడకపోతే అంత సర్వరు కొని ఏం సుఖం? స్విచ్చు వేశాను.

ముందు ఒక మూలుగు. తరవాత ఒక ఊళ. ఆ పైన లోపలున్న పంకాలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. పిండి గిర్నిలో పట్టా తిరగడం మొదలైనట్టుంది. ర్యాకు వణికింది. చుట్టూ ఉన్న ఖాళీ బిందెలన్నీ దానితో శ్రుతి కలిపి ఊఁ అని మోగడం మొదలుపెట్టాయి. పది నిమిషాల తరవాత గానీ తెర మీద మొదటి అక్షరం రాలేదు.

ఫోన్లో అక్కకు ఆ మోత వినిపించాను.

"ఏందిరా అది? దుకాణంల లారీ పెట్టినవా?"

"సర్వరు అక్కా!"

"ఇంత సప్పుడుల బేరం ఎట్ల చేస్తర్రా?"

"సప్పుడు లేకుంటే పని చేస్తాందని ఎట్ల తెలుస్తది?" అన్నాను. వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అనే సామెత ఆ క్షణంలో నాకు గుర్తు రాకపోవడం విధి లీల. ఎందుకంటే ఆ సర్వరు అప్పుడు చేస్తున్న పని అక్షరాలా సున్నా.

శుక్రవారం వచ్చింది. పది గంటలకు బాపు సర్వరుకు పసుపు, కుంకుమ పెట్టాడు. కొబ్బరికాయ దాని మీదే కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. దుకాణంలో అప్పటికే పాతిక మంది. చిచ్చా పీట మీద కూర్చుని కలం సవరించుకుంటున్నాడు. నేను అందరి వైపూ ఒకసారి చూసి, స్విచ్చు వేశాను.

అది అందుకుంది. పాతిక మందీ ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక పసివాడు ఏడుపు ఎత్తుకున్నాడు, నోరు తెరవడం కనిపించింది గానీ ఏడుపు వినపడలేదు.

వెబ్‌సైటు ద్వారా మాకు వచ్చిన మొదటి ఖాతాదారు ఎవరో చెబితే మీరు నమ్మరు. వెబ్‌సైటు ద్వారా రాలేదు, మోత ద్వారా వచ్చింది. ఒక నడివయసు ఆమె ఎండు మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని నేరుగా లోపలికి వచ్చి, సర్వరు ముందు దించింది.

"గిర్ని ఎప్పుడు పెట్టిన్రు అన్నా? కారం పడతరా, వట్టి పిండేనా?"

"ఇది గిర్ని కాదక్కా!" అని అరిచాను.

"ఆఁ?"

"కంప్యూటర్! కం-ప్యూ-టర్!"

"కంప్యూటర్ గిర్నా? మెత్తగ పడతదా మరి?"

ఆమెను పంపేసరికి అసలు గండం గడప ఎక్కింది. కొమురమ్మ అవ్వ. మా దుకాణానికి ముప్పై ఏళ్ల ఖాతాదారు. ఆమె ఊళ్లో ఏ పెళ్లయినా ఇత్తడి ఆమే కొనిపెడుతుంది. ఆమె తట్టి సరే అన్న బిందెను ఇంకెవరూ తట్టరు, అంత నమ్మకం. ఆ రోజు మనవరాలి పెళ్లికని కోడళ్లను, పక్కింటివాళ్లను వెంటేసుకుని వచ్చింది. బాపు స్వయంగా లేచి ఇత్తడి బిందె దించి ముందు పెట్టాడు.

అవ్వ బిందె ఎత్తి చూసింది. తల ఊపింది. కింద పెట్టి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించింది. మళ్లీ తట్టింది. నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి దాంతో కొట్టింది.

"సప్పుడు రాదేంది సేటూ? పగిలిందా?"

"పగల్లేదవ్వా! కొత్త మాలు!"

"ఆఁ? ఏమంటానవ్?"

"కొత్తది! కొత్తదీ!"

"కొత్తదైతే మోగాలె గద!"

ఇంకో బిందె దించాడు. అదీ మోగలేదు. ఇంకోటి. మోగుతున్నాయి, అన్నీ బంగారంలా మోగుతున్నాయి, వినపడేది మాత్రం నా సర్వరు ఒక్కటే. అవ్వ తొమ్మిది బిందెలు కొట్టి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని తీర్పు చెప్పింది. "మీ నాయిన ఉన్నప్పుడు గిట్లాంటి మాలు అమ్మలే సేటూ!" మిగతావాళ్లు కూడా తమ చేతుల్లో ఉన్న గిన్నెలను అనుమానంగా తట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. పాతిక మంది టకటకా కొడుతున్నారు, ఒక్కరికీ ఏమీ వినపడడం లేదు. ఇద్దరు మెల్లగా బయటపడి ఎదుటి దుకాణం మెట్లెక్కారు. అక్కడ అద్దాల తలుపుల వెనక మంచి నిశ్శబ్దం.

బాపు నా వైపు చూశాడు. నేను సర్వరు వైపు చూశాను. సర్వరు ఇంకా లేస్తూనే ఉంది, పది నిమిషాలు కాలేదు.

అప్పుడు బాపు ఆఖరి అస్త్రం తీశాడు. మా వ్యాపారంలో అసలు ధర పైకి చెప్పరు. పైకి చెప్పేది అందరి ధర. బేరం తెగిపోయేటట్టు ఉంటే సేటు ముందుకు వంగి, పాత ఖాతాదారు చెవిలో ఒక ధర ఊదుతాడు. అది ఆ ఒక్కరికే. వాళ్లు కూడా ఆ మర్యాద నిలబెట్టి బయట ఎవరికీ చెప్పరు. ఈ పద్ధతి మీదే మూడు తరాలు బతికాం. బాపు వంగి, కొమురమ్మ అవ్వ చెవిలో ఊదాడు.

"ఆఁ?" అంది అవ్వ.

ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

"ఇనస్తలేదు సేటూ!"

బాపు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి, ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం. ఆ రకం సర్వర్లు లేచేటప్పుడు పంకాలను నిండుగా తిప్పి, లేవడం పూర్తికాగానే ఒక్కసారి తగ్గించేస్తాయి. నా సర్వరు సరిగ్గా ఆ క్షణంలోనే లేచింది. మోత టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో మా బాపు గొంతు చౌరస్తా దాకా వినిపించింది.

"నీ ఒక్కదానికే సెప్తాన! కిలకు యాభై తగ్గిస్తా! ఎవలకు సెప్పకు!"

ఎవరూ కదల్లేదు. ఒక బిందె మాత్రం ఎక్కడో సన్నగా మోగుతూ ఉంది. తరవాత ఒకాయన ముందుకు వచ్చాడు. "సేటూ, మొన్న నాకు పది తగ్గించనీకి పానం మీదికి తెచ్చుకున్నవ్ గద?" ఆ వెనక ఇంకొకాయన, "మొన్న మా బామ్మర్దికి కిలకు ఐదే తగ్గించినవ్!" ఆపైన అందరూ ఒకేసారి మాట్లాడారు. నా సర్వరు కూడా వేడెక్కి మళ్లీ అందుకుంది. ఎవరేం తిడుతున్నారో వినపడలేదు, అదొక్కటే అది చేసిన ఉపకారం. కొమురమ్మ అవ్వ మాత్రం అంత గోలలోనూ కదలకుండా నిలబడి, బాపు భుజం తట్టి, వేళ్లతో యాభై అని చూపించింది.

పన్నెండున్నర దాకా అదే వరస. సగం మంది యాభై తగ్గింపు మీద పట్టుబట్టారు, మిగతా సగం ఎదుటి దుకాణానికి వెళ్లారు. ఎదుటి సేటు మెట్ల మీద నిలబడి మా వైపు చేతులెత్తి దండం పెట్టాడు. నేను ధైర్యం కోసం సైటు లెక్క తీసి చూశాను. పొద్దుటి నుంచి ఏడుగురు వచ్చారు. అందులో నాలుగుసార్లు నేనే. ఒకసారి అక్క. ఒకరు కుక్కరు రబ్బరు దొరుకుతుందా అని అడిగి వెళ్లిపోయారు. ఏడో ఆయన పొరపాటున వచ్చాడు, రెండు సెకన్లు ఉన్నాడు. మేడారం జాతరకని కట్టిన పందిట్లో ఏడుగురు. పేర్లు పంపినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

బాపు గద్దె దిగాడు. ర్యాకు దగ్గరికి నడిచి, ఒక తీగ పీకాడు. సర్వరు ఆగలేదు. రెండు తీగలుంటే ఒకటి పోయినా ఆగదని కదా మురిసిపోయి కొన్నది! పైగా ఇంకా పెద్దగా అరిచింది. బాపు రెండోది కూడా పీకాడు.

ఆ తరవాత వచ్చిన నిశ్శబ్దంలో అవ్వ వంగి, మొదటి బిందెను తట్టింది. ఖంగ్... ఎంత సేపు మోగిందో! "గిదిగో, గిప్పుడు మోగింది," అంది తృప్తిగా, యాభై తగ్గింపుతో ఆరు బిందెలు కట్టించుకుని వెళ్లింది. నేను బిందెల వరస వెనక్కి వెళ్లి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యూషన్ల డబ్బు పోయినందుకు కాదు, బుధవారంనాటి ఆ మెచ్చుకోలు వెనక్కి పోయినందుకు.

భోజనాల వేళకు అక్క వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా, చేతిసంచిలో ఒక చిన్న పెట్టె. చూడగానే గుర్తుపట్టాను. గోదాములో నేను అవమానంగా భావించి తిరిగి ఇచ్చిన పెట్టె.

"నిన్న ఫోన్ల ఆ సప్పుడు ఇన్నప్పుడే పోయి తెచ్చిన. 'మీ తమ్ముడు తట్టి సూసి వద్దన్నడమ్మా' అన్నడు ఆయన," అంది.

గంటలో సైటు అందులోకి ఎక్కించింది. బాపు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూశాడు. "గరిటంత లేదు గదనే. గిది పని చేస్తదా?" తట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సప్పుడే లేదు."

"అదే గద బాపూ కావాల్సింది," అంది అక్క.

గాలి ఆడాలి, ఎవరూ తొక్కకూడదు, ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. యాకూబ్ చిచ్చా పీట మీది నుంచే చెయ్యి చాపి, అన్నం వార్చే చిల్లుల గిన్నె అందించాడు. అందులో పెట్టి, తీగ బయటికి తీసి, పైన ఇంకో చిల్లుల గిన్నె బోర్లించాం. ఇప్పుడు మాట వినపడుతోంది కాబట్టి, కొన్నవాళ్లకూ ఫోన్ చేసినవాళ్లకూ అక్క సైటు పేరు చెప్పింది. మూడు గంటలకు కేసముద్రం నుంచి ఒక పంతులుగారు వాళ్లమ్మాయి పెళ్లికి మొదటి పేర్లు పంపారు. చిచ్చా ఫోన్లో చూస్తూ చెక్కాడు. ఆ తరవాత ఇంకొకరు. పొద్దుగూకేసరికి పదకొండు ఇళ్లు. చిన్న పెట్టె కనీసం వేడెక్కలేదు.

నేను ధైర్యం కూడగట్టుకుని గద్దె దగ్గరికి వెళ్లాను. "బాపూ, పదకొండు. మనం అనుకున్నది పది."

"అవును. పదకొండే."

"మరి హైద్రాబాద్?"

బాపు చిచ్చా వైపు తిరిగాడు. "యాకూబ్, నువ్వు సాక్షివి. ఎవల పెట్టె పని చేసింది?"

చిచ్చా కలం ఆపి, నన్ను చూసి, చిల్లుల గిన్నెను చూసి, నిజం చెప్పాడు. ఆయన ఎప్పుడూ అంతే. "సరితమ్మది, సేటూ."

"ఇన్నవా? సరితమ్మ హైద్రాబాద్ పోవచ్చు," అన్నాడు బాపు. అక్క నవ్వాపుకోలేక గిన్నెల చాటుకు వెళ్లింది. నేను శనివారం పొద్దున గద్దె ఎక్కాను. ఇప్పటికీ దాని మీద కూర్చునే ఇది రాస్తున్నాను. బుధవారంనాడు నువ్వే మెచ్చుకున్నావు కదా అని తరవాత ఎన్నిసార్లు అడిగినా బాపుది ఒకటే జవాబు. "నేను రేకును మెచ్చుకున్న, నిన్ను కాదు."

చిల్లుల గిన్నెలో సర్వరు ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో ఒక్కసారే ఆగింది. ఒకామె ఆ గిన్నెను బేరమాడి, లోపల ఏముందో చూడకుండా సంచిలో వేసుకోబోయింది.

ఇక పెద్దది. దాన్ని ఎవరూ కొనలేదు. గోదాము ఆయన ఫోన్లోనే, "వద్దు తమ్మీ, దాని సప్పుడు మా ఇంట్ల గూడ ఇన్నరు," అన్నాడు. చివరికి బాపు దాన్ని మళ్లీ కాటా ఎక్కించాడు. మా దుకాణంలో పాత సామాను తూకానికి తీసుకుని, మసికీ అతుకులకూ తరుగు తీసేసి, మిగిలిన బరువుకు కొత్తది ఇస్తాం. కన్నకొడుకని వదల్లేదు. ప్లాస్టిక్కుకు తరుగు తీశాడు. తీగలకు తీశాడు. దుమ్ముకు తీశాడు. పోయిన యాభై తగ్గింపులన్నిటికీ తీశాడు. కాగితం మీద లెక్క ఆగేసరికి నాకు ఒక స్టీలు గ్లాసు వచ్చింది. పేరు లేకుండా మా దుకాణం నుంచి ఏ గిన్నే బయటికి పోదు కాబట్టి చిచ్చాను పిలిచి, చెవిలో ఏదో ఊదాడు. ఈసారి ఆ మాట నాకు వినపడలేదు. చెక్కి ఇచ్చాక చదివాను.

"చి. నాగరాజుకు. ముప్పై ఒక్క కిలోల తెలివి. తరుగు పోగా మిగిలింది."

ఆ గ్లాసులోనే రోజూ నీళ్లు తాగుతాను. దాన్ని కుడిచేత పట్టుకుని, మా మూడు తరాల కాటా సాక్షిగా, పాఠకులందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ యంత్రాన్నీ ఎత్తి చూసి కొనను. తట్టి చూసి కొనను. ఏడుగురు వచ్చే చోట జాతరకు పందిరి వేయను. బాపు మెచ్చుకున్నాడని పొంగిపోను.

గ్లాసును మాత్రం, అలవాటు కొద్దీ, తీసుకునే ముందు ఒకసారి తట్టి చూశాను. మంచి గేజే.